మూడో పేరు

అక్క ఎవరింటికి పోయినా చాయ్ గ్లాసు చేతికందగానే తాగేది కాదు. "ఎవలు పెట్టిన్రు?" అని అడిగేది. లోపలి నుంచి జవాబు వచ్చేదాకా గ్లాసు అట్లాగే పట్టుకుని కూర్చునేది. కోడలో కూతురో తలుపు చాటు నుంచి "నేనే" అన్నాక ఒక గుటక తాగి, వంటింటిదాకా వినపడేటట్టు "మస్తుగున్నది" అనేది. బాగా లేకపోతే "నీళ్లెక్కువైనయ్ బిడ్డా" అని అంతే గట్టిగా చెప్పేది. ఇంటాయన నొచ్చుకుంటే, "నువ్వెందుకు పరేషానైతవ్ అన్నా, పెట్టింది నువ్వు గాదు గద" అనేది.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో డబ్బా మూత తీస్తూ కూడా అంతే. "కూర మా అత్తమ్మది. మాడగొట్టింది నేను. అన్నం ఎవలదని అడగకున్రి, కుక్కర్‌ది." క్లాసులో ఎవరైనా పిల్లవాడు బోర్డు మీద బొమ్మ బాగా వేస్తే దాని కింద వాడి పేరు రాయించేది. ఆ గంట అయిపోయి ఇంకో లెక్చరర్ వచ్చి చెరిపేస్తే, మర్నాడు ఆయన్ని ఆపి, "సార్, నిన్న మీరు తుడిసింది ఎవల బొమ్మనో తెల్సా?" అని చెప్పి మరీ వదిలేది.

జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో అక్క వృక్షశాస్త్రం చెప్పేది. కాంట్రాక్టు లెక్చరర్. చేరిన రోజు కాంట్రాక్టే, పోయిన రోజు కాంట్రాక్టే. వాచ్‌మన్ దగ్గర్నుంచి ఆమె కంటే పెద్దవాడైన ప్రిన్సిపాల్ దాకా అందరూ "అక్క" అనే పిలిచేవాళ్లు. పోయిన వానాకాలం జ్వరంతో దవాఖానలో చేరి, తిరిగి రాలేదు. నాకు ఆ సంగతి ఆలస్యంగా, ఫోన్లో, వేరే విషయం మాట్లాడుతున్న మనిషి ద్వారా తెలిసింది.

ఇక్కడ ఆమె పేరు రాయడం లేదు. దానికి కారణం చివర చెబుతాను.

ఉద్యమం రోజుల్లో మా అందరి నోటా ఒకటే మాట, మనం. మన నీళ్లు, మన కొలువులు, మన రాష్ట్రం. ఆ నినాదాలు ఇచ్చేటప్పుడు అక్క గొంతే అందరికంటే పైన వినపడేది. కానీ శిబిరంలో కూర్చున్నాక ఎవరైనా "మనం గిది చేసినం, మనం గది చేసినం" అని మొదలుపెడితే మధ్యలో ఆపేది. "మనం అంటె ఎవలెవలు?" అడిగిన తీరులో వెటకారం ఉండేది కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగేది. పేర్లు చెప్పేదాకా వదిలేది కాదు.

జనగామ చౌరస్తాలో వంటా వార్పు పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. రోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గంజులు, అటూ ఇటూ ఆగిపోయిన లారీలు. పొయ్యి అంటుకోకముందే లెక్చరర్లలో గొడవ అంటుకుంది. కరపత్రం మీద ఎవరి పేరు పైన ఉండాలి, ఎవరిది కింద ఉండాలి అని. ఇంగ్లీషు అక్షరాల వరుసలో వేద్దామని ఒకాయన రాజీ కుదర్చబోయాడు. యాదవరెడ్డో యాకయ్యో, 'వై'తో మొదలయ్యే పేరున్న లెక్చరర్ లేచాడు. "అంటె మా నాయిన బారసాల నాడే నా కొంప ముంచిండంటవా?" అన్నాడు. అందరూ నవ్వారు గానీ కరపత్రం తేలలేదు. అక్క పోయి మైకు అందుకుంది.

"ఇనున్రి. బియ్యం కిరాణ సేటుది. పప్పు ఆటో యూనియనోళ్లది. ఉల్లిగడ్డలు కోసింది మా అటెండర్ అన్న, ఏడ్సింది గూడ ఆయినే. కట్టెలు తెచ్చింది సెకండియర్ పిల్లగాండ్లు, ఏడికెల్లి తెచ్చిన్రో మాత్రం అడగొద్దు. గంటె పట్టింది మా ప్రిన్సిపాల్ సారు, ఫొటో దిగెదాక."

చౌరస్తా అంతా గొల్లున నవ్వింది. ప్రిన్సిపాల్ ముఖం ముడుచుకున్నాడు. కాసేపటికి ఆయనే చేతులు పైకి మడిచి, గంటె తీసుకుని, చొక్కా తడిసేదాకా పప్పు తిప్పాడు. అక్క మళ్లీ మైకు ముందుకొచ్చింది. "ఇప్పుడు సారు నిజంగ తిప్పుతుండు, అందరు చూడున్రి" అని ప్రకటించింది. తిట్టినప్పుడు ఎంత గొంతు పెట్టిందో అప్పుడూ అంతే గొంతు పెట్టింది. ఆయన నవ్వక తప్పలేదు.

నాది రేగొండ. అప్పుడు యూనివర్సిటీలో రీసెర్చ్ స్కాలర్‌ని. అక్కా నేనూ ఒకే ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీకి చేరాం. నేను హాస్టల్లో ఉండి చేసేవాణ్ణి, ఆమె ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో వచ్చేది. నా అంశం మక్కజొన్నకు పట్టే బూజు. కేసముద్రం మార్కెట్ యార్డుకు పోవడం, కుప్పల్లోంచి గింజలు తెచ్చుకోవడం, వాటిని ల్యాబులో గాజు పళ్లేల్లో పెట్టి ఏ రకం బూజు పెరుగుతుందో చూడడం నా పని. అక్క వీలున్నప్పుడల్లా నాతో వచ్చేది. యార్డులో రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి సేటుకు మేం వినోదం.

"అందరు మంచి మక్కలు ఏరుకుంటరు. మీరేంది మేడమ్, బూజు పట్టినయే ఏరుకుంటున్రు?"

"ఏరే పనేముంది సేటూ, నీ కుప్పల యాడ చెయ్యి పెడితె ఆడ బూజే."

"జర మెల్లగ మేడమ్, రైతులున్నరు" అని ఆయన చాయ్ తెప్పించేవాడు. అక్క ఆ చాయ్ ఎవరు పెట్టారో కనుక్కునేది.

అంతలో సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, కాలేజీలు మూతపడ్డాయి, యార్డు గేటుకు తాళం పడింది. అప్పటికే యార్డుకు చేరిన మక్కలు టార్పాలిన్ల కింద ఉండిపోయాయి. మిగతా పంట రైతుల ఇళ్లలోనే ఆగిపోయింది. పగలంతా నినాదాలు ఇచ్చినా లోపల నాకు దిగులుగా ఉండేది. కొత్త నమూనాలు రావు, నా ఏడాది పోయింది. ఆ మాటే అంటే, "ఈడ కూసోని ఏడిస్తె ఏమొస్తది, నడువు, మా యాడి చేతి రొట్టె తిందాం" అని తీసుకుపోయింది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. అక్కది మహబూబాబాద్ దాటినాక ఒక తండా. దొరికిన ఆటో, దొరికిన ట్రాక్టర్ ఎక్కి పోయాం.

వాళ్లమ్మ వాకిట్లో కూర్చుని మక్క కంకుల పొట్టు వెనక్కి మడిచి, రెండేసి కలిపి ముడివేస్తోంది. చూరు కింద అడ్డంగా కట్టిన వెదురు బొంగు నిండా అట్లాంటి జతలు వేలాడుతున్నాయి. తల్లీకూతుళ్లు వాళ్ల భాషలో ఏదో మాట్లాడుకుని నవ్వుకున్నారు. లోపలి నుంచి చాయ్ వచ్చింది. అక్క గ్లాసు పట్టుకుని చూరు కింద నిలబడి పైకి చూస్తూ తాగేసింది. ఎవరు పెట్టారని అడగలేదు. నేను చూసినంతలో ఆమె అడగని చాయ్ అదొక్కటే.

"తమ్మీ, యార్డుల మక్కలు గూడ ఈ చుట్టుపక్కల చేన్లయే. వాన ఒక్కటే, ఇత్తనం ఒక్కటే. ఆడ ఒలిసి కుప్ప పోసిన్రు. ఈడ పొట్టు తోని కట్టి గాలికేసిన్రు. సమ్మె అయ్యెదాక గవి గట్లనే, ఇవి గిట్లనే ఉంటయ్." నా వైపు తిరిగింది. "నువ్వేమో పని ఆగిందని ఏడుస్తున్నవ్. మనం పెట్టుకుందామన్న పెట్టుకోలేని ప్రయోగం, సమ్మె పెట్టిచ్చింది గదా!"

కుప్ప పోసిన మక్కలకూ వేలాడగట్టిన కంకులకూ బూజులో తేడా చూపిన మా పరిశోధన పేపర్ అక్కడ పుట్టింది. నా తలలో పుట్టలేదు.

తండాలో ఏ ఇళ్ల కంకులు తీసుకోవాలో, ఎన్నాళ్లకోసారి తీసుకోవాలో అక్కే నిర్ణయించింది. ఇంటింటికీ తిరిగి వాళ్ల భాషలో అడిగి ఒప్పించింది. సేటును బతిమాలి యార్డు చిన్న గేటు తీయించింది. ప్రొఫెసర్ గారు ల్యాబు తాళంచెవి నా చేతికిచ్చారు. మూతపడిన యూనివర్సిటీలో అది చిన్న విషయం కాదు. ల్యాబు పని నాది. పళ్లేలు నేనే కడిగాను, నేనే లెక్కపెట్టాను. ఒక విడత మొత్తం నా అజాగ్రత్త వల్ల పాడైతే అక్క మళ్లీ తండాకు పోయి కంకులు తెచ్చింది.

రైళ్లు తిరగడం మొదలయ్యాక ప్యాసింజర్లో సంచీ ఒళ్లో పెట్టుకుని వచ్చేది. ఒకసారి నేనూ వెంట ఉన్నప్పుడు, ఎదురుగా కూర్చున్న ఒకావిడ, "కంకులు ఎట్లా ఇస్తున్నావమ్మా?" అని అడిగింది.

"అమ్మనమ్మా. వీటికి బూజు పడ్తదా పడదా చూస్తందుకు తీస్కపోతున్న."

ఆవిడ కొంచెం జరిగి కూర్చుంది. అక్క నా చెవిలో, "సీటు సంపాయించింది నేను, కూసో" అన్నది.

మొదటి చిత్తుప్రతి రాసింది కూడా అక్కే. అందులో ఒక వాక్యం ఉండేది, ఇళ్లలో వేలాడదీసిన కంకులు కొన్ని ఎలుకలు తినడం వల్ల లెక్కలోకి రాలేదని. ప్రొఫెసర్ గారు దాన్ని కొట్టేశారు. "రీసెర్చ్ పేపర్లో ఎలుకలేమిటమ్మా?" అన్నారు. "ఎలుకలు తిన్నయని రాయకపోతె, మిగిలిన కంకులు మేం తిన్నమనుకుంటరు సార్" అన్నది అక్క. ఆ వాక్యం పోనే పోయింది. నేను ఇంగ్లీషు సరిచేశాను. పేపర్ నా థీసిస్ అంశం కింద వస్తుంది కాబట్టి నా పేరు మొదట, ప్రొఫెసర్ గారి పేరు తర్వాత, అక్క పేరు చివర. ఆ వరుస ఆయనే పెట్టారు. నేను అడ్డు చెప్పలేదు.

పేపర్ తీసుకుంటామని పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. దానితో పాటు ఒక ప్రశ్న. రచయితల్లో ఒక్కొక్కరు ఏ పని చేశారో విడివిడిగా రాసి పంపాలట. ఆలోచన ఎవరిది, నమూనాలు తెచ్చింది ఎవరు, ప్రయోగం చేసింది ఎవరు, రాసింది ఎవరు. అప్పట్లో మాకు అది కొత్త. ప్రొఫెసర్ గారు విసుక్కున్నారు. "ఏదో ఒకటి రాసెయ్యవయ్యా."

ఆ రోజు నేను మానవహారంలో నిలబడి వచ్చాను. అటు ఒక రిక్షా అన్న చెయ్యి, ఇటు ఒక వకీలు చెయ్యి పట్టుకుని గంటల సేపు నిలబడ్డాం. ఆ ఊపులో వచ్చి కూర్చుని రాశాను, ముగ్గురు రచయితలూ అన్ని పనుల్లోనూ సమానంగా పాలుపంచుకున్నారని. రాసి గర్వపడ్డాను కూడా. ఇందులో ఎక్కువా తక్కువా లేదు, ఇది ఉద్యమ స్ఫూర్తి అనుకున్నాను. నిజానికి విడివిడిగా రాస్తే ఏమయ్యేదో నాకు తెలుసు. ఆలోచన ఎదురుగా నా పేరు రాయలేను. ప్రొఫెసర్ గారి పేరు తాళంచెవి దగ్గర తప్ప ఎక్కడా రాయలేను. సమానం అన్న మాట మా ఇద్దరికీ గొడుగు పట్టింది.

జనగామ స్టేషన్‌లో కలిసినప్పుడు అక్కకు చెప్పాను. ప్లాట్‌ఫారం మీద మిరపకాయ బజ్జీలు తింటున్నాం.

"మనందరం సమానమని రాసిన అక్కా."

బజ్జీ నోటి దాకా పోయి ఆగింది. "మనం అంటె ఎవలెవలు తమ్మీ?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"సారు ఎప్పుడన్న మక్క కంకి ఒలిసిండా?"

"అట్ల కాదక్కా, విడివిడిగ రాస్తె బాగుండది..."

"ఎవలకు బాగుండది?" అన్నది. రైలొచ్చింది. ఎక్కి, కిటికీ దగ్గర కూర్చున్నాక, "బజ్జీలు నువ్విప్పిచ్చినవ్. మంచిగున్నయ్" అన్నది. తర్వాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు.

రాష్ట్రం వచ్చింది. ఆ రాత్రి జనగామలో అక్క రోడ్డు మీద ఆడిందని విన్నాను. కొన్నేళ్లకు ఒక పర్మనెంటు లెక్చరర్ పోస్టు పడింది. అక్కా నేనూ ఇద్దరం దరఖాస్తు పెట్టాం. పోస్టు ఒకటే. పేపర్‌లో మొదటి పేరుకు వచ్చే విలువ మూడో పేరుకు రాదు. పైగా నాకు చెప్పుకోవడానికి పెద్ద పేపర్ అదొక్కటే, ఆమెకూ అదొక్కటే. ఇంటర్వ్యూలో నన్ను మొదట పిలిచారు. ఆ పేపర్ గురించే అడిగారు. ఆలోచన చాలా బాగుంది, ఎట్లా వచ్చిందని.

"సమ్మె రోజుల్లో మాకు ఈ ఆలోచన వచ్చింది" అన్నాను. మాకు అన్నాను. అబద్ధం అనిపించుకోనంత చిన్న మాట.

తర్వాత అక్క లోపలికి పోయింది. వరండాలో బెంచీ మీద కూర్చుని నేను చెమటలు తుడుచుకున్నాను. ఆమె బయటికొచ్చి పక్కన కూర్చుంది. బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి ముందు నాకిచ్చింది.

"ఫీల్డుల సాయం జేసిన్రా అని అడిగిన్రు తమ్మీ. నేను ఏం జేసిన్నో చెప్పిన. సమానమని రాసి ఉన్నది గద అన్నరు." నేనిచ్చిన సీసా తీసుకుని మూత పెట్టింది. "నువ్వు జేసింది గూడ చెప్పిన. ల్యాబు పనంత నీదే, పళ్లేలన్ని నువ్వే లెక్కవెట్టినవ్ అని చెప్పిన. మల్ల నువ్వు చెప్పుకున్నవో లేదో అని."

పోస్టు నాకొచ్చింది. అక్క మైసూర్ పాక్ డబ్బాతో మా గదికి వచ్చింది. మూత తీసి ఎప్పటిలాగే చెప్పడం మొదలుపెట్టింది. "కొన్నది నేను. తినేది నువ్వు." మూడో మాట ఏదో వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఒక ముక్క తీసి నా నోట్లో పెట్టింది.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో పనిచేస్తున్నాను. నా దగ్గర చదివి రీసెర్చ్‌లో చేరిన ఒకమ్మాయి ఆ మధ్య ఒక పేపర్ పట్టుకుని వచ్చింది, నన్నూ రచయితగా పెట్టుకుంటానని. ఇప్పుడు ఆ ప్రశ్న కంప్యూటరే అడుగుతుంది. ఒక్కో రచయిత పేరు ఎదురుగా చేసిన పనుల మీద గుర్తులు పెట్టాలి. ఆ అమ్మాయి నా పేరు ఎదురుగా అన్నింటి మీదా పెట్టింది.

"నేనేం చేసిన్నమ్మా దీంట్ల?"

"శాంపిల్ చూసి బూజు పేరు చెప్పిన్రు గద సార్."

"గదొక్కటి ఉంచు. మిగతాయి తీసెయ్."

"తీస్తె బాగుండది సార్" అన్నది.

ఎవలకు బాగుండది అన్న గొంతు నాకు వినపడింది. అక్క పోయి అప్పటికి కొన్ని నెలలు. అంతకాలం నేను బాధపడ్డానే తప్ప ఏమీ చేయలేదు.

పత్రికకు రాశాను. ఆలోచన, పద్ధతి, సేకరణ, తొలి రచన ఆమెవి. ల్యాబు పని, భాష దిద్దడం నావి. ల్యాబు ఇచ్చింది ప్రొఫెసర్ గారు. పేర్ల వరుస మార్చి ఆమె పేరు మొదట పెట్టండి. జీవించి ఉన్న రచయితలందరూ సంతకం పెడితే పరిశీలిస్తామన్నారు. ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను. రిటైరై హాయిగా ఉన్నారు. "ఇప్పుడెందుకయ్యా, ఆమె పోయింది కదా, ఎవరికి లాభం?" అన్నారు. కోపంగా ఏమీ అనలేదు. ఆలోచించి చెబుతానన్నారు. ఇంకా చెప్పలేదు. నేను వారం వారం ఫోన్ చేస్తున్నాను, ఇక ముందూ చేస్తాను. అక్క పేరు రాయనన్నది ఇందుకే. ఆ పేరు మొదట ఉండాల్సిన చోట మొదట పడ్డాకే ఇంకెక్కడైనా నా చేత్తో రాస్తాను.

జనగామ పోయి అక్క వాళ్లాయనకు ఇదంతా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. "నాకెరికే సార్ గిదంత. ఇంట్ల చెప్పేది. మా అత్తకు చెప్పున్రి, ఆమెకు తెల్వది" అన్నాడు.

తండాకు పోయాను. అదే చూరు, దాని కింద అదే బొంగు. ఈసారి కంకులు కొన్నే ఉన్నాయి. ముసలమ్మ నన్ను గుర్తుపట్టింది. చాయ్ వచ్చింది. గ్లాసు నోటి దాకా పోయాక ఆగాను.

"ఎవలు పెట్టిన్రు అవ్వా?"

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నేనే బిడ్డా. చక్కెర ఎక్కువైందా?"

"కొంచెం ఎక్కువైంది."

"ఎప్పుడు ఎక్కువనే పడ్తది, నాది గదే గాశారం" అని నవ్వింది.

పత్రికకు పంపిన ఉత్తరం నకలు తీసి, తెలుగులో చెబుతూ చదివాను. ఆలోచన నీ బిడ్డది, ఇండ్లు తిరిగింది నీ బిడ్డ, రాసింది నీ బిడ్డ. ల్యాబు పని నాది, తాళంచెవి సారుది. ఆమె ప్రతి మాటకూ తల ఊపింది. అయిపోయాక కాగితం వైపు చెయ్యి చూపింది.

"గంతేనా? కంకులు కట్టింది నేను గాదా? అండ్ల నేను లేనా?"

లేదు. ఇన్నేళ్ల తర్వాత తప్పు దిద్దబోయిన కాగితంలో కూడా ఆమె లేదు. కళ్లెదుట ఆమె ముడివేస్తుంటే చూసే అక్కకు ఆ ఆలోచన వచ్చింది. పెన్ను తీసి, ఆమె పేరు అడిగి, మళ్లీ పంపేటప్పుడు చేర్చాలని ఖాళీ ఉన్న చోట రాశాను. రాసింది ఆమెకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది.

"ఎలుకలు తిన్నయి, గది రాసినవా?" అన్నది.

మళ్లీ పెన్ను మూత తీశాను.